తొట్టిలో బంగారుతీగ

మూడు రోజులుగా ఈ ఇంట్లో ఎవరికీ సరైన స్నానం లేదు.
స్నానాల తొట్టిలో చేప ఉంది.

రాత్రి షిఫ్టు దిగి
పర్దుబిత్సె గోదాము అట్టపెట్టెల దుమ్ము
మెడమీద అలాగే మోసుకొచ్చి తలుపు తీస్తే
మూతి సున్నాలా చుట్టి నన్నే చూస్తోంది.
రెండు కిలోల పైమాటే. మీసాలున్నాయి.
"వీడి పేరు ఎవ్‌జెన్" అన్నాడు వొయ్త,
ఇంటావిడ మనవడు, ఆరేళ్ళవాడు,
రొట్టెముక్క నీళ్ళలో నానబెడుతూ.

నేనేమీ అనలేదు.
మా వైపు చెరువుల్లో బొచ్చె, శీలావతి పైన తిరుగుతుంటే
అడుగు బురద కెలకడానికి వీణ్ణి వదుల్తారు.
బంగారుతీగ.
ఐసు, ఊక, లారీ, టన్నులు.
ఒక్కదాన్ని ఒక్కటిగా చూడటం
ఇదే మొదలు.

తొట్టి పక్కన గొంతుక్కూచుని
బకెట్లోంచి పాలగిన్నెతో ముంచి పోసుకుంటుంటే
నీళ్ళ చప్పుడుకి దగ్గరికొచ్చేది.
గోడవతల ద్రహొమీర ఫోన్లో చెబుతోంది:
"మా అద్దెవాడు పాలగిన్నెతో స్నానం చేస్తాడు."
అంతవరకూ నాకు చెక్ భాష వచ్చు.

ఇరవైనాలుగో తేదీ పొద్దున తలుపు కొట్టింది.
చేతిలో మాంసం కొట్టే చెక్క సుత్తి.
ఏటా ఈ పని యరొమీర్‌ది.
యరొమీర్ ఏప్రిల్లో పోయాడు.
అతని చెప్పులు గుమ్మం దగ్గర
ఇంకా బయటివైపే తిరిగి ఉన్నాయి.

"సాయంత్రం నువ్వూ కూర్చోవాలి" అంది.
"నేను, రద్కా, పిల్లాడు. ముగ్గురం.
బల్ల దగ్గర బేసి ఉంటే
వచ్చే ఏటికి ఒకరు తగ్గుతారు."
ప్రేమతో పిలిచిందనుకోను. లెక్క కుదరాలి.
కిందటేడు నలుగురు కూర్చున్నారు, సరిసంఖ్యే.
ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

వొయ్తకి వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పాను.
ఒక్క దెబ్బ.
నిజం చెప్పాలంటే, రెండు.
తర్వాత తొట్టి కడిగాను. మళ్ళీ కడిగాను.

మంచు పడలేదు.
గ్రీటింగు కార్డుల తెల్లదనం ఎక్కడా లేదు.
వాన, ట్రాలీబస్సు చిమ్మిన బురద, నాలుగింటికే చీకటి.
పగలంతా ఉపవాసముంటే
గోడమీద బంగారు పందిపిల్ల కనిపిస్తుందట.
వొయ్త పదింటికే బిస్కెట్టు తినేశాడు.
నేను నిజంగానే ఏమీ తినలేదు.
నాకూ కనిపించలేదు.

తొలిచుక్క పొడిచాకే కూర్చోవాలి.
ఆకాశమంతా మబ్బు.
కిటికీలోంచి చాలాసేపు చూసి
"అదిగో" అంది ద్రహొమీర.
ఎవరూ ఎక్కడని అడగలేదు.

పళ్ళెం ఎత్తితే కింద ఒక పొలుసు.
పర్సులో దాచుకుంటే ఏడాదంతా డబ్బు నిలుస్తుందట.
ఆపిల్‌ను అడ్డంగా కోసింది రద్కా:
గింజలు చుక్కలా ఉంటే ఆయువు, శిలువలా ఉంటే కాదు.
చుక్కే.
అందరం ఒకేసారి ఊపిరి వదిలాం.

తినడం అయ్యేదాకా లేవకూడదు.
ఉప్పు వంటింట్లో ఉండిపోయింది.
ఉప్పు లేకుండానే తిన్నాం.
వొయ్త నావైపు చూడకుండా
బంగాళాదుంపల సలాడ్ ఒక్కటే తిన్నాడు.

పక్కగదిలో గంట మోగింది.
ఇక్కడ ఎర్రకోటు తాత రాడు;
బాలయేసే వచ్చి, కిటికీలోంచి వెళ్ళిపోతాడు.
చెట్టు కింద నా పేరు, ఒక అక్షరం తప్పుతో.
విప్పితే నీలం ఎనామిల్ మగ్గు, పొడుగు పిడి.
"ఇక నా పాలగిన్నె నాకిచ్చెయ్" అంది ద్రహొమీర,
బాలయేసు తరఫున.

రాత్రి పళ్ళు తోముకుంటుంటే
వొయ్త వచ్చి ఖాళీ తొట్టిలోకి తొంగిచూశాడు.
చాలాసేపటికి అడిగాడు:
"మీ భాషలో వాణ్ణి ఏమంటారు?"
చెప్పాను. అర్థం కూడా చెప్పాను.
బంగాల్... బంగాతీగ... అని రెండుసార్లు తడబడి
నురగ నిండిన నా మొహంకేసి చూసి
"అయితే గోడమీద వచ్చేది పందిపిల్ల కాదేమో" అంటూ
దీపం ఆర్పేసి వెళ్ళిపోయాడు.
నేనింకా లోపలే ఉన్నాను.